పడవ ముంగిట బక్కమ్మ సాన్పి

రుద్రారం హాస్టల్లో ఊడ్చి తుడిచే బక్కమ్మకు ఆ వారమంతా కాళ్లు నేలమీద ఆనలేదు. మంజీర ఎండిపోయి బయటపడ్డ పాతకాలం పడవను తవ్వడానికి వెళ్తూ, అక్కడుండి పురావస్తు శాస్త్రం చదివే సృజన వాళ్ల క్లాసు పిల్లలు వంటకూ సాయానికీ ఆమెను బస్సెక్కించుకున్నారు. ఇంకేముంది! దారినపోయే గొర్లకాపరిని కూడా ఆపి "మా పడవ" అంటూ మొదలుపెట్టేది.

పాపం, ఎంత తవ్వినా తేలింది నాలుగు చెక్కలే. రేపు పొద్దున్నే తవ్వకాలకు అనుమతిచ్చే పెద్దసారు వస్తాడు. ఇది పడవేనని ఆయనకు నమ్మకం కుదరకపోతే తవ్వకం బంద్. సృజన అన్నం ముట్టలేదు. అది చూసి బక్కమ్మ ప్రాణం ఉసూరుమంది.

పెద్దమనిషి వస్తుంటే వాకిలి అట్లాగే వదిలేస్తారా ఎవరైనా? తెల్లారి పిల్లలు లేవకముందే గుంతలోకి దిగింది. కొలతల కోసం వాళ్లు కట్టిన దారాలన్నీ విప్పి, చక్కగా ఉండ చుట్టింది. ఆ దారాలు కట్టిన మేకులు పీకి ఓ మూల కుప్పేసింది. చీపురుతో ఊడ్చి, పేడ దొరక్క ఒట్టి నీళ్లతోనే సాన్పి చల్లింది. గట్టున తామరపువ్వు ముగ్గు కూడా వేసింది మహాతల్లి!

సృజన లేచొచ్చి కెవ్వుమంది.

"ఏం జేసినవ్ అవ్వా! కొలతలన్నీ పోయినయ్!"

"సారొస్తుండని జెర సాఫ్ జేసిన బిడ్డా..." బక్కమ్మ చీపురు వెనక దాచుకుంది.

అంతలో జీపు రానే వచ్చింది. పెద్దసారు గట్టు మీద నిలబడి కిందికి చూశాడు.

"నీళ్లు చల్లిందెవరు?"

"నేనే సార్," అంది సృజన.

ఆ పిల్ల నింద నెత్తిన వేసుకుంటే బక్కమ్మ ఊరుకుంటుందా! "అబద్ధం సార్! నేనే జల్లిన. నన్ను ఎల్లగొట్టుర్రి గని, మా పడవను బంద్ పెట్టకుర్రి!"

"బంద్ ఎందుకమ్మా? ఇటొచ్చి చూడు."

చూసింది. చెక్క కుళ్లి కలిసిపోయిన మట్టి తడికి నల్లబడి, ఊడ్చిన నేల మీద పడవ మొత్తం కనిపిస్తోంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, అడ్డచెక్కల గుర్తులతో సహా! పిల్లల ఈలలు, గంతులు చూడాలి! సృజన బక్కమ్మను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పేసింది.

"దించు బిడ్డా, పడిపోత!" అని అరుస్తూనే బక్కమ్మ ఏడ్చేసింది, నవ్వేసింది. "పుట్టి బుద్ధెరిగిన కాంచి వాకిట్ల నీళ్లు జల్లుతున్న. ఒక్కరన్న ఆగి సూసిండ్రా!"