పిన్ని గొంతులో పాత పుస్తకం

బజారు మలుపులో రెండు కుర్చీల సెలూన్ నడిపే ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు. దాంతో ఆయన భార్య ఊరందరికీ పిన్ని అయింది. సెలూన్ వెనక గదే వాళ్ల ఇల్లు. పిన్నికి పుస్తకాల పిచ్చి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పేజీ పూర్తిచేశాకే లేచేది. షుగరు ముదిరి చూపు మసకబారింది. చివరికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది.

బాబాయ్‌కి చదువు అంతంతమాత్రం. అయినా మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఆమె పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ చదివేవాడు.

"రాజుగారు గుర్రమెక్కి ఎంతసేపయిందయ్యా! ఇంకా కదలడేం?" అని పిన్ని నవ్వేది.

ఒకసారి ఎవరో ఫోన్‌లో కథలు ఉచితంగా వినొచ్చని ఏదో సైటు చూపించారు. కథ రాలేదు గానీ ఫోన్ నిండా చెత్త ప్రకటనలు వచ్చిపడ్డాయి. దాన్ని బాగుచేయించేసరికి బాబాయ్‌కి తలప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచి ఉచితం అంటేనే ఆయనకు హడల్.

గ్రంథాలయం చూసుకునే ఆవిడ తన తండ్రికి గడ్డం గీయించడానికి వచ్చినప్పుడు ఈ సంగతంతా విన్నది.

"మా దగ్గర చదివి వినిపించే పుస్తకాలున్నాయి బాబాయ్. సినిమాలూ ఉన్నాయి. కార్డుంటే చాలు, పైసా ఇవ్వక్కర్లేదు."

"ఊరికే ఎవరిస్తారమ్మా? దొంగ సరుకైతే మాకొద్దు."

"దొంగది కాదు. కొన్నిటికి గ్రంథాలయమే డబ్బు కడుతుంది. కొన్ని బాగా పాతవి, హక్కుల గడువు తీరిపోయింది. అవి ఇక అందరి సొత్తు. ఇష్టమున్నవాళ్లు చదివి రికార్డు చేసి పెడతారు."

సెలవు రోజున బాబాయ్ పిన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. కథ మొదలైన కాసేపటికి ఆమె ముఖం విప్పారింది. మూసే వేళయిందంటే "అప్పుడేనా!" అంది. ఆ వారమే, తెర మీద జరిగేదంతా మాటల్లో చెప్పే సినిమా కూడా తెచ్చుకున్నారు. తలుపు వెనక మనిషి దాక్కున్నాడని బాబాయ్ కంటే ముందు పిన్నే పసిగట్టింది.

ఒకరోజు ఆమె చిన్నప్పుడు చదివిన పడవవాడి కథ అడిగింది. పుస్తకం ఉంది, హక్కులూ తీరిపోయాయి. కానీ దాన్నెవరూ చదివి పెట్టలేదు.

"మీరే చదవండి పిన్నీ. మీ గొంతు బాగుంటుంది," అంది గ్రంథాలయం ఆవిడ.

"కళ్లుంటే కదమ్మా!"

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నేను చెవిలో చెప్తా. నువ్వు గట్టిగా చెప్పు."

గ్రంథాలయంలోని చిన్న గదిలో గోడలకు దుప్పట్లు కట్టి, మధ్యలో మైకు పెట్టారు. ఆయన ఒక్కో వాక్యం గుసగుసగా చెప్పేవాడు. ఆమె దాన్ని కథగా చెప్పేది. ఆయన "తెడ్డు"ని "తేడు" అన్నాడంటే ఇద్దరూ పడిపడి నవ్వేవారు. ఆ నవ్వుల్నీ గుసగుసల్నీ గ్రంథాలయం ఆవిడ ఓపిగ్గా తీసేసింది. ఎండల్లో మొదలుపెట్టింది వానలు పడేసరికి పూర్తయి, ఎవరైనా ఫోన్‌లో వినేలా గ్రంథాలయం కథల్లో చేరింది.

కొన్నాళ్లకు ఊరికి కొత్తయిన ఒక బస్సు డ్రైవరు గడ్డానికి వచ్చి, వింటున్న కథ ఆపకుండానే ఫోన్ అద్దం ముందు పెట్టాడు. అందులోంచి పిన్ని గొంతు! బాబాయ్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఈవిడెవరో గానీ బాబాయ్, బస్సు దిగి ఒంటరిగా ఇల్లు చేరాక నాకు ఈ గొంతే తోడు."

"ఏమేవ్," అని బాబాయ్ లోపలికి కేకేశాడు. "ఇలా రా. నీ కోసం ఒకాయన వచ్చాడు."

పిన్ని గుమ్మం పట్టుకుని బయటికొచ్చి, "ఎవరు బాబూ?" అంది. ఆ ఒక్క మాటకే డ్రైవరు సగం ముఖం నురగతోనే లేచి నిలబడ్డాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాదేముంది నాయనా," అంది పిన్ని. "ఆ పుస్తకం ఇన్నాళ్లు భద్రంగా దాచినవాళ్లకు, మమ్మల్ని కూర్చోబెట్టి చదివించిన ఆ తల్లికి చెప్పాలి దణ్ణం. ఇంతకీ ఎంతదాకా విన్నావు?"

"పడవ మునిగిందండీ."

"అయ్యో, తర్వాతేమవుతుందంటే..."

"వద్దు పిన్నీ, వద్దు!" అని డ్రైవరు గబగబా కుర్చీలో కూలబడ్డాడు. బాబాయ్ నవ్వు ఆపుకోలేక కత్తి పక్కన పెట్టేశాడు.