రంగూన్ చిన్నమ్మకు మేం పెట్టిన పేరు

మొన్న మా మనవరాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తాను పెళ్లాడబోయే జర్మనీ అబ్బాయి మమ్మల్నందరినీ చూసిపోవడానికి వస్తున్నాడంటూ, ఒక చేత్తో దోసె తుంచుకుంటూనే అతని వీసా అర్జీ కంప్యూటరులో నింపేసింది. పేరు దగ్గరికి వచ్చేసరికి, పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లాగే కొట్టమ్మా అని నేను నాలుగైదు సార్లు చెప్పాను. తాతకు చాదస్తం ముదిరిందని నవ్వింది. నా వయసు వాళ్లెవరూ నవ్వరు. అర్జీ అంటే ఏమిటో మనకు తెలుసు.

నలభైల చివర్లో నేను చిత్తూరులో ఒక వకీలుగారి దగ్గర టైపు గుమాస్తాను. వారం వారం బొగ్గుతో నడిచే బస్సెక్కి, మిట్ట వచ్చినచోటల్లా దిగి తోసి, ఐరాల దగ్గరున్న మా ఊరు చేరేవాణ్ణి. ఇంట్లో నాయన, అవ్వ, చిన్నాయన ఉండేవాళ్లు. చిన్నాయన అంతకుముందు రంగూన్‌లో బియ్యం మిల్లులో పని చేస్తూ అక్కడి పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. జపాను వాళ్ల బాంబులు పడ్డప్పుడు, మంచంలో ఉన్న తండ్రిని వదిలి రాలేక ఆమె ఆగిపోతే, రెండు నెలల్లో అంతా సద్దుమణుగుతుందనుకుని ఈయన జనంతో కలిసి కాలినడకన బయలుదేరాడు. అడవిదారిలో పాదం పుండై, ఇల్లు చేరేనాటికి సగం పాదమే మిగిలింది. యుద్ధం అయిపోయేసరికి ఈయన ప్రయాణం చేయలేని మనిషయ్యాడు, ఆపైన బర్మా స్వతంత్ర దేశమై, రాకపోకలకు సర్కారు అనుమతి కావలసి వచ్చింది. ఇక ఆమే ఇక్కడికి రావాలి. ఉండిపోవడానికని అడిగితే ఏళ్లు పడుతుందని, తిరుమల దర్శనానికి, అత్తగారిని చూడటానికి మూడు నెలలకు అనుమతి అడగమని వకీలుగారు దారి చెప్పారు.

అవ్వ మాత్రం ఆమె మాటెత్తితే లేచి పెరట్లోకి పోయేది. ఆరేళ్లు ఆమెకు ఆ కోడలు లేనట్టే. అటువంటి మనిషిని ఒక ఉత్తరం మెత్తబరిచింది. మిల్లులో ఎవరో తెలుగు మేస్త్రీ చేత రాయించిన ఆ ఉత్తరంలో, అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా, పసుపు కట్టు కడుతున్నారా అని అడిగింది చిన్నమ్మ. అవ్వ ఆ రెండు ముక్కలూ నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఆ శుక్రవారం తలంటుకుని, పళ్లెంలో బియ్యం పోసి చిన్నాయన ముందు పెట్టింది. కోడలికి అత్తగారింటి పేరు పెట్టి, మగని చేత బియ్యంలో రాయించడం మా ఇంటి ఆచారం. పెళ్లికూతురు రంగూన్‌లో ఉండగా ఇక్కడ ఆ ముచ్చట జరిగింది. చిన్నాయన వేలితో మంగమ్మ అని రాసినాక, ఆ బియ్యం అవ్వ తానే వండి అందరికీ పెట్టింది.

మరుసటి వారమే అర్జీ టైపు చేయాలి. చిన్నాయన కర్ర పొడుచుకుంటూ చిత్తూరుకు వచ్చాడు. బర్మా పేరు వేయమంటావా, మంగమ్మ అని వేయమంటావా అని అడిగాను.

"ఆరేళ్లకి మాయమ్మ నోట్లోనించి కోడలనే మాట వచ్చిండాది రా. ఆ పేరు తీసేసి నేను ఇంటికి పోయి ఆమెకు మొకం యెట్ట సూపించేది? అమ్మ పెట్టిందే కొట్టు."

వకీలుగారు ఏదో దావా మీద మద్రాసు పోయి ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగుదామని నాకు తోచకపోలేదు, రెండు పేర్లూ వేస్తే సరిపోతుందనీ తోచింది. కానీ ఇంత చదివినవాణ్ణి, నాకు తెలియదా అన్న పొగరు. మంగమ్మ అనే కొట్టాను, ముత్యాల్లాంటి అక్షరాలు.

నాలుగు నెలలకు అర్జీ తిరిగొచ్చింది. అక్కడి కాగితాల్లో ఉన్న స్త్రీ, ఇక్కడ అడిగిన స్త్రీ ఒకరేనా, ఇద్దరా అని ప్రశ్న. ఒకరేనని రంగూన్ నుంచి రుజువు రావాలన్నారు. ఉత్తరం వేశాం. ఈలోగా ఆ దేశంలో వాళ్లలో వాళ్లకే పోరు మొదలైంది. తండ్రిని తీసుకుని ఏటి ఎగువన పల్లెకు పోతున్నానని, సర్దుకోగానే కాగితం పంపుతానని ఒక్క జాబు వచ్చింది. ఆ తర్వాత ఏ ఉత్తరమూ రాలేదు. మేం వేసినవి కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని అదీ లేదు.

చిన్నాయన మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. తపాలా మనిషి వచ్చే వేళకు మరో పదేళ్లపాటు వీధి అరుగు మీద కూర్చున్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అవ్వకు మేం అసలు సంగతి చెప్పలేదు. సర్కారు వాళ్లు ఒప్పుకోలేదనే చెప్పాం. పోయే ముందు ఆమె నన్ను పిలిచి అడిగింది.

"మంగమ్మ యింకా రాలేదేం రా? దోవ తెలీకనా?"

వస్తుంది అవ్వా అన్నాను.

ఇప్పుడు మా ఇళ్లలో ఎవరూ కోడళ్ల పేర్లు మార్చడం లేదు. మంచిదే, ఎవరి పేరు వాళ్లది. అయినా ఆ ఆచారాన్ని ఎవరన్నా వెక్కిరిస్తే నాకు మనసొప్పదు. తప్పు నాదే అని ఒప్పుకోవడం మా అవ్వకు చేతకాదు, నా ఇంటికి రా అని నోరారా పిలవడమూ చేతకాదు. ఆమెకు చేతనైంది ఒక పేరు పెట్టడమే. ఆ పేరే చిన్నమ్మను మా గడప తొక్కనివ్వకుండా చేసింది. దాన్ని కాగితం మీద కొట్టిన వేళ్లు మాత్రం నావి.