చివరి నుంచి వినే చీటీలమ్మ

ఆసుపత్రిలో ఆమెకి అసలు పేరు ఒకటుందన్న సంగతి హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్లుగా కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ల పేరూ వయసూ బాధా రాసి చీటీ చింపి ఇస్తోంది కాబట్టి అందరికీ చీటీలమ్మే. పొద్దున్నే గుమ్మంలోంచి వచ్చే ఎండ, వరసలో నిలబడ్డవాళ్ల భుజాలు ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి ఆమె కలం మూత మీద కూర్చుంటుంది. రోజూ అదే ఎండ, రోజూ కొత్త మొహాలు. ఆ కుర్చీ కాక ఇంకెక్కడ కూర్చోమన్నా ఆమెకి ఊపిరాడదు.

ఆ కుర్చీకే ఎసరొచ్చింది.

పెద్ద డాక్టరుకి ఏడాదికో పిచ్చి పడుతుంది. పోయినేడు లిఫ్టు చెడిపోతే బాగు చేయించడం మానేసి, మెట్లెక్కడం గుండెకి మంచిదని గోడల నిండా కాగితాలంటించాడు. ఈ ఏడు చీటీల కిటికీకి కంప్యూటరు వస్తోంది. మనం చెప్పేది యంత్రం ఎలా వింటుందో తెలియనివాళ్లు దాని ముందు కూర్చోకూడదని ఆయన పట్టు. అందుకని నెల్రోజుల శిక్షణ, చిన్న చిన్న ప్రోగ్రాములు పది. చివరి శనివారం సాయంత్రం అయిదింటిలోగా పదీ నెగ్గితే కిటికీ. లేదంటే కిందనున్న దుప్పట్ల గది. ఆ గదిలోకి ఎండ రాదు. దుప్పట్లు మాట్లాడవు.

మందుల గది పైన రోజూ మూడింటికి తరగతి. టీచరు ఇరవై మూడేళ్ల పిల్ల, జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుని, దాన్నే గదంతా వెతుక్కునే రకం. చీటీలమ్మ పక్క కుర్చీలో కాంపౌండరు. ఆమె భర్తని అన్నయ్యా అంటాడు కాబట్టి ఈమె వదిన. వదిన దొరికితే వేళాకోళం ఆడకుండా ఉండలేడు.

మొదటి లెక్క పసిపిల్లలది. యంత్రం ఒక అంకె ఇస్తుంది, దాన్ని రెట్టింపు చేసి చూపించాలి. చీటీలమ్మ ఒద్దికగా రాసింది. ఏడు కొడితే పద్నాలుగు వచ్చింది. కానీ లెక్కలు దిద్దే ప్రోగ్రాముకి పంపితే ఎర్రగా 'తప్పు' అంది. పదకొండు సార్లు పంపింది, పదకొండు సార్లూ తప్పే. కంటిచూపు మీదే అనుమానమొచ్చి అద్దాలు తుడుచుకుంది.

టీచరు వచ్చి చూసి పెదవి కొరుక్కుంది. లెక్క కట్టే ముందు తెర మీద చీటీలమ్మ 'దయచేసి ఒక అంకె చెప్పండి' అని రాయించింది. దిద్దేది మనిషి కాదనీ, అడక్కుండానే అంకె ఇచ్చేస్తుందనీ, మనం తెర మీద రాసిన ప్రతి అక్షరాన్నీ జవాబు కిందే లెక్కేస్తుందనీ, పద్నాలుగు రావలసిన చోట ముందో పలకరింపు కనిపించేసరికి తప్పంటోందనీ ఓపిగ్గా చెప్పింది.

"యంత్రానిక్కూడా మర్యాదలేనా వదినా? అదేమన్నా కొత్తల్లుడా?" అన్నాడు కాంపౌండరు.

చీటీలమ్మ ఆ వాక్యాన్ని చెరిపేసింది. వెంటనే పచ్చగా 'ఒప్పు' వచ్చింది. సంతోషమే కానీ, మనసులో ఏదో చివుక్కుమంది. అడక్కుండా ఎవరి దగ్గరా ఏదీ రాసుకోవడం ఆమె ఎరగదు.

రెండో లెక్క ఇద్దరి వయసులు కూడటం. భర్త యాభై రెండూ, తన నలభై ఎనిమిదీ ఇచ్చి చూసింది. వంద రావాలి. అయిదు వేల రెండు వందల నలభై ఎనిమిది వచ్చింది. ఆ పూట ఇంటికెళ్లి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆ ముచ్చట చెబితే, అత్తగారు చదువుతున్న పత్రిక దించి కోడల్ని ఎగాదిగా చూసింది.

"నీ చేతి వంట తిని నా కొడుకు అన్ని వేలేళ్లు బతికాడంటే గట్టివాడే."

అత్తాకోడళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు. మర్నాడు టీచరు విప్పి చెప్పింది: బయట నుంచి ఏది వచ్చినా యంత్రం దాన్ని మాట అనే అనుకుంటుంది. యాభై రెండు పక్కన నలభై ఎనిమిదిని అతికించి ఊరుకుంది. ఇది మాట కాదు, సంఖ్య అని మనమే చెప్పాలి. చీటీలమ్మ అలాగే చెప్పింది. యాభై రెండూ నలభై ఎనిమిదీ కుదురుగా కలిసి వందయ్యాయి, పెళ్లి ఫొటోలోలాగా.

అలా ఒక్కో మెట్టే ఎక్కుతూ మూడు వారాల్లో తొమ్మిది నెగ్గింది. తొమ్మిదింటిలోనూ లెక్క తప్పలేదు. తప్పిందల్లా వినడం. ఒక్కో వరసలో ఒక్కో సంఖ్య వస్తుందనుకుంటే అన్నీ ఒకే వరసలో వచ్చేవి. అయిదుగురే అని చెప్పినా ఆరోవాడి కోసం కాచుక్కూర్చుంటే యంత్రం గొంతు పట్టేసినట్టు ఆగిపోయేది. రోజంతా వినడమే పనైన మనిషికి ఇది నామోషీగానూ ఉంది, తమాషాగానూ ఉంది.

పదోదాని దగ్గర బండి బురదలో దిగబడింది.

లెక్క వినడానికి తేలికే. ఒక్కో వరసలో ఒక మనిషి పేరు, పక్కన వయసు. అందరిలోకీ పెద్దవాళ్ల పేరు చెప్పాలి. చీటీలమ్మ ప్రతి వరసనీ ఖాళీ ఉన్నచోటల్లా ముక్కలు చేసింది. మొదటి ముక్క పేరు, రెండో ముక్క వయసు. చూపించిన ఉదాహరణలన్నిటికీ జవాబు సరిపోయింది. దిద్దే ప్రోగ్రాము మాత్రం, తన దగ్గర గుట్టుగా దాచుకున్న అయిదు పరీక్షల్లో మూడు దాటనిచ్చి నాలుగోదాని దగ్గర ఎర్రబడింది. ఆ పరీక్షలో ఏముందో టీచరుకీ కనిపించదట. సంఖ్య రావలసిన చోట ఇంకేదో వచ్చిందని మాత్రం ఆ పిల్ల చెప్పగలిగింది.

సోమ, మంగళ, బుధ, గురు. రాసింది చెరపడం, చెరిపింది రాయడం. చీటీలమ్మ తల ప్రాణం తోకకొచ్చింది. కాంపౌండరు కూడా వేళాకోళం మానేశాడు, దాంతో ఆమెకి ఇంకా భయం వేసింది. గురువారం మధ్యాహ్నం ఎవరూ చూడకుండా కిందికి దిగి దుప్పట్ల గది తలుపు తీసి చూసింది. తెల్లగా, మడతలు మడతలుగా, నిశ్శబ్దం బొత్తులు పెట్టి ఉంది. తలుపు మెల్లిగా వేసేసి పైకొచ్చేసింది.

శుక్రవారం పొద్దున వరసలో అత్తగారు ప్రత్యక్షమైంది. మోకాలి నొప్పి. కోడలు ఇక్కడే ఉంది కదా అని వరస తప్పి ముందుకొచ్చే మనిషి కాదు, ముప్పావుగంట నిలబడింది. తన వంతు వచ్చేసరికి కోడలు కూడా తక్కువ తినలేదు, కొత్తవాళ్లని అడిగినట్టే అడిగింది.

"పేరూ వయసూ చెప్పండి."

అత్తగారు గొంతు సవరించుకుంది. తను పుట్టినప్పుడు పెట్టిన పేరు, అది నచ్చక మేనత్త పిలిచిన పేరు, బళ్లో పంతులు తప్పుగా రాస్తే అదే ఖాయమైపోయిన పేరు, దాని వెనక ఇంటిపేరు, అన్నీ వరసన పెట్టి, చివరికి "డెబ్బై నాలుగు" అంది.

చీటీలమ్మ కలం ఆగింది. చీటీ కేసి చూసుకుంది. పేరు గడి ఖాళీగా ఉంది. దాని పక్కనున్న వయసు గడిలో మాత్రం డెబ్బై నాలుగు అప్పుడే నిండి ఉంది, సిరా ఇంకా తడిగా.

ఇరవై ఆరేళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే. ఎవరికీ నేర్పలేదు, తనకే తెలియదు. మనుషుల పేర్లు ఒక్కోటి ఒక్కో పొడుగు. ఒక్క ముక్కలో అయిపోయేవాళ్లుంటారు, అయిదు ముక్కలైనా తేలనివాళ్లుంటారు. కానీ ఎవరైనా వయసు చివర్నే చెబుతారు, ఒక్క ముక్కలో చెబుతారు. అందుకే ఆమె చెవి ఆ ఆఖరి ముక్క కోసం కాచుకుని ఉంటుంది. అది పడగానే రాసేసుకుంటుంది. మిగిలిందంతా, ఎంత పొడుగున్నా, పేరు.

"ఏమైందే, నా వయసు చూసి జడుసుకున్నావా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా, మీ పేరు చూసి."

మూడింటికి తరగతిలో కూర్చుని, వరసని ముందు నుంచి ముక్కలు చేయడం మానేసింది. చివర్నించి వెనక్కి వచ్చి, మొదట ఎదురైన ఖాళీ దగ్గర ఒక్క కోత కోసింది. కుడివైపుది వయసు, ఎడమవైపుదంతా పేరు. పంపింది. నాలుగో పరీక్ష పచ్చగా వెలిగింది. కాంపౌండరు కుర్చీలోంచి సగం లేచాడు. అయిదోది ఎర్రబడింది. సగం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు.

శనివారం నాలుగుంబావు దాకా అదే ఎరుపు. టీచరు పెన్సిలు పోయింది, వెతుక్కోవడం కూడా మర్చిపోయింది. చీటీలమ్మ కళ్లు మూసుకుని తన కిటికీని తలుచుకుంది. ఒక్కొక్కళ్లే వస్తున్నారు. పేరు చెప్పారు, వయసు చెప్పారు. తర్వాత? తర్వాత కొందరు వెంటనే కదలరు. చెప్పడానికింకేమీ లేకపోయినా, ఆ కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు ఊరికే నిలబడతారు.

"టీచరమ్మా, వయసు తర్వాత కూడా ఖాళీ ఉండొచ్చా?"

ఆ పిల్ల నోరు తెరిచింది. "ఉండొచ్చు. వరస చివర ఖాళీ ఉంటే కంటికి కనిపించదు. మీ కోత అక్కడే పడుతుంది. వయసు చోట ఏమీ మిగలదు."

చీటీలమ్మ ఆ ఊరికే నిలబడ్డవాళ్లని మెల్లిగా పక్కకి జరిపింది, అంటే వరస చివరి ఖాళీలన్నీ ముందు తుడిచేయమని ఒక చిన్న మాట రాసింది. తర్వాతే కోత. గడియారం నాలుగూ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. పంపింది.

అయిదు పచ్చ దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి, సందు చివరి దాకా ఇళ్లలో లైట్లు వేసుకుంటూ వచ్చినట్టు.

కాంపౌండరు ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు, అందరూ ఒకేసారి మాట్లాడేశారు. టీచరు ఆమెని వాటేసుకుంది. పెన్సిలు ఆ పిల్ల జుట్టులోనే ఉంది, చీటీలమ్మ చెంపకి గుచ్చుకుంది.

సోమవారం కిటికీ దగ్గర కంప్యూటరు పెట్టారు. రోగి వైపూ ఒక చిన్న తెర ఉంది. దాని మీద మొదటి ప్రశ్నగా 'పేరు, వయసు' అని రాసి పెట్టి, మార్పులేమైనా కావాలా అని టీచరు అడిగింది. ఇది చదివేది మనుషులే కదా అని చీటీలమ్మ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. తర్వాత అద్దాలు సర్దుకుని, ఒక్కో వేలుతో, మొదటి లెక్కలో చెరిపేసిన మాట నుంచే మొదలుపెట్టింది.

'దయచేసి మీ పేరూ వయసూ చెప్పండి. ఎంత పొడుగున్నా ఫరవాలేదు.'

ఎండ అప్పుడే వరసలో మొదటి భుజం దాటుతోంది. ఆ భుజం అత్తగారిది. మోకాలి నొప్పి తగ్గిపోయిందట, ఊరికే చూసిపోదామని వచ్చింది. తెర మీది అక్షరాలు పెదాలు కదుపుతూ చదువుకుని, గొంతు సవరించుకుంది.