నొప్పి ఆగిన పన్ను

ఆ రోజుల్లో మా ఇంట్లో నొప్పులు రెండే రకాలు. పుక్కిలిస్తే తగ్గేవి, ఇంకోసారి పుక్కిలిస్తే తగ్గేవి. ఈ విభజన మా మేనత్తది. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా గోడకు ఆనుకుని ఉన్న గదిలో ఆమె బీడీలు చుట్టేది. చేతులు ఆకు కత్తిరిస్తూ ఉంటే నోరు వైద్యం చెబుతూ ఉండేది. గొంతుకు పసుపు నీళ్లు, నోటిపూతకు జామాకు కషాయం, పంటికి లవంగం వేసి కాచిన ఉప్పునీళ్లు. (కాలు బెణికి కుంటుకుంటూ వచ్చినవాళ్లకు కూడా ముందు ఒక గ్లాసు చేతికిచ్చి పుక్కిలించమనేదని మా నాన్న, అదే మా బాపు, అనేవాడు. నేను కళ్లారా చూడలేదు కానీ నమ్ముతాను.) వీధిలో అందరూ ఆమెను పుక్కిలింతలత్త అనేవారు. ఆమె దాన్ని బిరుదులాగే తీసుకుంది. అప్పటి నా ధైర్యమంతా ఆ గ్లాసులోని నీళ్ల మీదే నిలబడి ఉండేదని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

నాకప్పుడు కొత్తగా ఉద్యోగం దొరికింది. కుంఠా నాకా దగ్గర మా బాపు పనిచేసే మరమగ్గాల కార్ఖానాలోనే, నేసి వచ్చిన తువ్వాళ్లను వెలుతురుకు పట్టి చూసి, ఎక్కడ పోగు తప్పిందో, ఎక్కడ ముడి లేచిందో కనిపెట్టే పని. “మా పిల్లవి కండ్లు కావు, సూదులు” అని బాపు అందరికీ చెప్పుకునేవాడు. ఆ ఎండాకాలంలోనే నా పై దవడ పన్ను ఒకటి నన్ను పలకరించడం మొదలుపెట్టింది. మొదట్లో చల్లటి నీళ్లు తాగితే జివ్వుమని, వెంటనే ఊరుకునేది. తర్వాత నీళ్లు గొంతు దిగి చాలాసేపైనా, రెండు మూడు తువ్వాళ్లు చూడడం పూర్తయినా, లాగుతూనే ఉండేది. ఆ పైన వేడి చాయ్‌కి కూడా అదే గోల. చివరికి ఏమీ తినకపోయినా, తాగకపోయినా దానంతటదే లేచి చెవిలోకి, కణతలోకి పాకేది. ఆ వైపు నమలడం మానేశాను. దవాఖానకు పోదామంటే, తువ్వాళ్లు మడతపెట్టే ఒకామె, మేమంతా మావశీ (పిన్ని) అని పిలిచే మనిషి, నన్ను పక్కకు పిలిచి, “పై పన్ను పీకిస్తే కండ్లు పోతయ్ బిడ్డా! మా ఆడబిడ్డకు గట్లనే అయింది” అంది. (ఆ ఆడబిడ్డను తర్వాత ఒక పెళ్లిలో చూశాను. అద్దాలు పెట్టుకుని, దూరాన కూర్చున్నవాళ్ల చీరలకు కూడా వంకలు పెడుతోంది.) కానీ నా బతుకుతెరువే కళ్ల మీద. దవాఖాన మాట అక్కడితో ఆగిపోయింది.

ఇక మిగిలింది అత్త. టార్చి వేసి నా నోట్లోకి చూసి, “పుర్గు వట్టింది. నా చేతుల వడ్డవు గదా, ఇగ ఫికర్ చెయ్యకు” అంది. ఉప్పునీళ్లు, లవంగం, అవి చాలకపోతే బీడీల్లో నింపే తమాకు చిటికెడు తీసి చిగురుకు ఒత్తడం. తమాకు ఘాటుకు తల తిరిగి గోడ పట్టుకుని నిలబడితే, “మందు వనిజేస్తున్నది” అనేది. ఒక ఉదయం లేచేసరికి నొప్పి లేదు. తగ్గడం కాదు, అసలు లేదు. భయపడుతూ చల్లటి నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఏమీ లేదు. వేడి చాయ్ తాగాను. పన్ను పలకలేదు. “అత్తా, పోయింది!” అని అరిచాను. “ఏంది పోయింది?” అంటూ ఆమె ఒళ్లోని బీడీలు కింద పడేసుకుని పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం వీధంతా కోవా పేఢాలు పంచింది. మడతల మావశీకి కూడా ఒకటి పంపింది. నేను అత్తవైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంత గొప్ప మనిషి మా గోడకు అవతలే ఉందా అని!

కొన్నాళ్లకు ఆ పంటి పైన చిగురు మీద చిన్న పొక్కు లేచింది. చితికితే నోరంతా ఒక పాడు రుచి. పోయేది, మళ్లీ వచ్చేది. అద్దంలో చూస్తే ఆ పన్ను పక్క పళ్లకంటే కాస్త మసకబారినట్టు కనిపించింది. “వేడి చేసింది” అని అత్త తేల్చేసింది. నొప్పి లేదు కదా, నేనూ సరేనన్నాను. ఒకరోజు పొద్దున లేచేసరికి చెంప రొట్టెలా ఉబ్బింది, ఒళ్లు కాలిపోతోంది. అయినా పనికి వెళ్లాను. తువ్వాలు పైకెత్తి చూస్తే సగమే కనిపిస్తోంది. వాపుకు ఒక కన్ను మూసుకుపోతోంది మరి. బాపు మగ్గం ఆపేసి వచ్చాడు. (మా బాపు మగ్గం ఆపడమంటే మాటలు కాదు. ఇంటికి చుట్టాలొచ్చి కబురంపినా ఆపేవాడు కాదు.) నా ముఖం చూసి, “కండ్లు పోతయని దవాఖానకు పోకపోతివి. ఇప్పుడు జూడు, పోకపోతేనే కన్ను మూతవడ్డది” అన్నాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆటో పిలిచి, దారిలో ఇంటి దగ్గర అత్తను ఎక్కించుకుని, హోట్గి రోడ్‌లోని పళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. అత్త సంచీలో ఉప్పునీళ్ల సీసా కూడా వచ్చింది.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. మన తెలుగువాళ్ల పిల్లే, కానీ చదివింది మరాఠీలో, రెండూ కలిపి మాట్లాడేది. నా జ్వరం చూసింది, మింగడానికీ ఊపిరికీ కష్టంగా ఉందా అని అడిగింది. లేదన్నాక కుర్చీలో పడుకోబెట్టింది. “మొదట్ల సల్లటిది తాగితే నొప్పి ఎమ్మటే పోతుండెనా, ఆగుతుండెనా?” అంది. చాలాసేపు ఆగేదన్నాను. “ఊకె ఉన్నా దానంతటదే లేస్తుండెనా?” లేచేదన్నాను. అన్నీ చూసినట్టే చెబుతోందే అని ఆశ్చర్యపోతుంటే, మంచులా చల్లటి దూది ఒకటి తీసి పక్క పంటికి ఆనించింది. కుర్చీలో ఎగిరిపడ్డాను. అవతలి పంటికి ఆనించింది. మళ్లీ ఎగిరిపడ్డాను. చివరికి ఆ నొప్పి ఆగిన పంటికి ఆనించి, “ఏమన్న తెలుస్తున్నదా?” అంది. ఏమీ తెలియలేదు. అత్త ముందుకొచ్చింది. “సూసినవా డాక్టరమ్మా! గా పంటిని బాగుజేసింది నేనే. పక్క పండ్లే ఖరాబున్నయ్, అవ్విటి సంగతి సూడు!”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. “నై మావశీ, ఉల్కిపడ్డ పండ్లే మంచిగున్నయ్. సల్లదనం తెల్వని పన్నే ఖరాబు. లోపట నస్, గదే నరం, సచ్చిపోయింది. అందుకే నొప్పి బంద్ అయింది.”

“సచ్చిపోయిందా?” అత్త కబురందని చావు గురించి అడిగినట్టు అడిగింది. “ఎప్పుడు?”

“నొప్పి ఆగిన టైముకే అయ్యుంటది.”

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో దేవా! గా దినం మేము పేఢాలు పంచితిమి గదా!”

డాక్టరమ్మ చేతిలోని పనిముట్టు పక్కన పెట్టి, గోడవైపు తిరిగి నవ్వింది. తర్వాత ఎక్స్‌రే ఫోటో తీసి తెర మీద చూపించింది. నా ఒక్క పంటికి మూడు వేళ్లు. మట్టిలో దిగిన చెట్టులా ఎముకలోకి దిగి ఉన్నాయి. ఒక వేరు కొసన మబ్బు పట్టినట్టు నల్లటి నీడ. చీము కూడింది అక్కడేనట. చిగురు మీది పొక్కు వేడి పొక్కు కాదట, లోపలి చీము బయటికి వెతుక్కున్న దారి అట. “జరం, వాపు వచ్చినంక ఇంట్ల కూసోవద్దు. తమాకు అయితే అసలే పెట్టొద్దు” అని అత్తను గట్టిగానే మందలించింది. నేను నా కళ్ల సంగతి అడిగాను. “పన్ను పీకిస్తే చూపు ఏం పోదు, వాపు దిగితే నీ కన్ను తెరుసుకుంటది. పీకుడు గూడ అక్కర లేదు. లోపల సాఫ్ జేసి నింపుత, నీ పన్ను నీకే ఉంటది” అంది. అందరి పంటి నొప్పికీ ఈ వైద్యం అవసరం ఉండదట. ఇలా పరీక్ష చేసి, ఫోటో తీసి చూస్తేగాని చెప్పలేరట. ఆ రోజు చీము పోవడానికి దారి చేసి మందులిచ్చింది.

వాపు దిగాక మళ్లీ వెళ్లాం. మత్తు సూదికి చెంప మొద్దుబారింది. తర్వాత నాకు నొప్పి ఏమీ తెలియలేదు, ఆశ్చర్యం మాత్రమే తెలిసింది. పంటికి నమిలే వైపు చిన్న తలుపు తెరిచి, లోపలి నేలను తెర మీద పెద్దది చేసి చూపించింది. సూదిమొనతో పొడిచినట్టు మూడు రంధ్రాలు. “నాలుగోది గూడ ఉండొచ్చు” అంటూ వెతికింది. వేల పోగుల్లో తప్పిన పోగును పట్టే నా కళ్లకు అక్కడ ఏమీ కనిపించలేదు. ఆమెకు దొరికింది! వెంట్రుకంత సన్నటి ఆకురాళ్లు ఆ దారుల్లోకి దిగుతూ, తిరుగుతూ, కొసదాకా వెళ్లి వస్తున్నాయి. అత్త తెరకు దగ్గరగా జరిగింది. చివరికి చాలా మెల్లగా, “గింత పంటిల గంత ఇల్లున్నదా!” అంది.

తర్వాత అత్త వైద్యం మానలేదు కానీ, పద్ధతి మార్చింది. పంటి నొప్పితో వచ్చినవాళ్లకు గ్లాసు ఇచ్చి, పుక్కిలించేలోపు ప్రశ్నలు వేసేది. సల్లటిది తాగినంక ఎంతసేపు గుంజుతది, కొరికితే నొస్తదా, చిగురు మీద పొక్కున్నదా అని. ఎవరైనా “నొప్పి దానంతటదే పోయిందత్తా” అని సంతోషంగా చెబితే, ఆమె ముఖంలో రంగు మారేది. “లే, చెప్పులేసుకో” అని తనే హోట్గి రోడ్‌కు నడిపించేది.

దారులన్నీ నింపాక డాక్టరమ్మ ఆ పన్ను మీద వేసిన తొడుగు ఇప్పటికీ గట్టిగా ఉంది. నా కళ్లకే ఈ మధ్య అద్దాలొచ్చాయి, వయసు వల్ల. ఒక్కోసారి తువ్వాలు చేతిలో పట్టుకుని ఆ కుర్చీలోని పిల్లను, అప్పటి నన్ను, తలుచుకుంటాను. డాక్టరమ్మ “అయిపోయింది, ఇగ నోరు మూయొచ్చు” అన్నా ఆ పిల్ల వినిపించుకోకుండా తెరవైపు చూస్తూ ఉండిపోయింది. అయిపోయిందే పిచ్చిదానా, నోరు మూసుకో అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. ఇంకాసేపు అలాగే చూడనీ అనుకుంటాను.