మూత తీయని నీళ్ల సీసా

2024 బక్రీదు సెలవులు. కువైట్ బ్నీద్ అల్ గార్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను టూర్ ఎస్కార్ట్‌ని. అంటే జనాన్ని విమానం ఎక్కించి, ఊళ్లు తిప్పి, ఎక్కించిన తలలన్నీ తిరిగి కువైట్లో దించేవాణ్ణి. ఏడో తరగతిలోనే బడికి ఖలాస్ చెప్పినవాడికి ఇరవై రెండు తలలు లెక్కపెట్టడమే పెద్ద చదువు.

ఆసారి మనవాళ్లను థాయ్‌లాండ్ తీసుకెళ్లాను. ఇటినరరీలో, అంటే ఏ వేళకు ఎక్కడుండాలో రాసిన కాగితంలో, లంఫూన్ అనే చిన్న జిల్లాకు ఒక్క పూటే ఇచ్చాను. పాత బౌద్ధ గుడికి నలభై నిమిషాలు, పాత కోటగోడకు పది. ఫోటోలకు అంతకన్నా ఎందుకులే అనుకున్నాను.

కువైట్లోనే రిగ్గై ఏరియాలో ఒక ఇంట్లో వంటచేసే రమణమ్మక్క కూడా వచ్చింది. రాయచోటి మనిషి. కరోనాలో విమానాలు ఆగినప్పుడు ఆమె భర్త ఊళ్లో పోయాడు. దహనం ఫోన్లో చూసింది.

గుడిలో భిక్షువు ఏదో చదువుతుంటే కొందరు ఆడవాళ్లు చిన్న చెంబుల్లోంచి గిన్నెల్లోకి సన్నగా నీళ్లు వంచుతున్నారు.

"ఎందుకబ్బీ అట్ల పోస్తాండారు?"

"పోయినోళ్లకు పుణ్యం చేరాలని అక్కా. తర్వాత ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోస్తారు."

ఆమె కొంగు సర్దుకుంది. "మన తట్టు ఆడోళ్లను ఈ పని చేయనీరు. ఈడ చేయనిస్తాండారే. ఆయప్పకు నేను గుక్కెడు నీళ్లు గూడా ఇడవలేదబ్బీ. నేనూ కూచుంటా. ఒక అరగంట ఉండు."

బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నా కాగితంలో కోటగోడ మిగిలి ఉంది.

"యల్లా, పద అక్కా. నీళ్లే కదా, బస్సులో బాటిలిస్తా. బావకు చల్లటివే పోద్దువు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రమణమ్మక్క కూడా కొంచెం నవ్వి, వచ్చి బస్సెక్కింది. అన్నట్టే బాటిల్ ఇచ్చాను. కోటగోడ దగ్గర ఆమె దిగలేదు.

సాయంత్రం హోటల్ దగ్గర దిగుతూ ఆ సీసా నా చేతిలో పెట్టింది. మూత తీయలేదు.

"ఈ నీళ్లకు ఎవురూ ఏమీ చదవలేదు కదబ్బీ," అంది. కోపంగా కూడా కాదు.

మరుసటి ఏడు ఇఖామా, అంటే కువైట్లో ఉండే పర్మిట్టు, రద్దు చేయించుకుని ఊరికి వెళ్లిపోయింది. మళ్లీ తీసుకెళ్తానని ఫోన్ చేస్తే, మోకాళ్లు లేవడం లేదంది.

ఇప్పుడు నా కాగితంలో కోటగోడ లేదు. ఆ చోట "గుడిలో ఖాళీ" అని రాస్తున్నాను. "ఆ ఖాళీలో ఏం చూపిస్తావన్నా?" అని కొత్తగా టూరుకొచ్చేవాళ్లు అడుగుతారు. ఏమీ చూపించను, ఆగుతాను అంటాను. ఇన్నేళ్ల పనిలో ఆలస్యంగా నేర్చుకున్నది అదే. నేర్పిన మనిషి మాత్రం మళ్లీ నా బస్సెక్కదు.