షాపులో మోగని స్పీకరు

మేం గుంటూరు వెళ్లింది పాటలు వినే సెట్టు కొనడానికి. రిటైరైన మగవాడు ఇంట్లో ఊరికే కూర్చుంటే కూరలో ఉప్పు సరిచూడటం మొదలుపెడతాడని మా ఆవిడ భయం. అందుకే ఆవిడే నన్ను బయల్దేరదీసింది.

అద్దంకి దగ్గర పత్తి మిల్లులో ఫోర్‌మన్‌గా నా ఉద్యోగమంతా గడిచింది. గింజ నుంచి దూదిని వేరుచేసే యంత్రాలు వరసగా దడదడలాడుతుంటే వాటి మధ్యే తిరిగేవాణ్ని. చుట్టూ గుట్టల్లా పత్తి. అయినా చెవుల్లో ఇంత దూది పెట్టుకున్నవాణ్ని అక్కడ ఒక్కణ్నీ చూడలేదు. పెట్టుకుంటే నలుగురూ నవ్వేవాళ్లు, ముందు నేనే నవ్వేవాణ్ని.

కొన్నాళ్లుగా టీవీలో మాటలు నలిగినట్టు వినపడుతున్నాయి. తప్పు టీవీది అన్నాను. ఫోనులో మనవరాలు చెప్పేది సగం అందడం లేదు. తప్పు ఫోనుది అన్నాను. మంచి సెట్టు ఒకటి ఇంటికొస్తే అన్నీ వినపడతాయి, దాంతో నా చెవులకి ఏ లోపమూ లేదని తేలిపోతుంది. నేను అసలు కొనాలనుకున్నది అదే. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

షాపు మేడమీద. తలుపు వేస్తే రోడ్డు మాయమైపోయే గది, కింద తివాచీ, గోడలకి మందపాటి పరదాలు. షాపాయన నెమ్మదస్తుడు. వెళ్లగానే నేను, "ఎన్ని వాట్లు?" అని అడిగాను. క్రిస్మస్‌కి మైకుసెట్టు మాట్లాడేటప్పుడు మావైపు అడిగేది అదొక్కటే. ఆయన నవ్వి, "వాట్ల సంగతి తర్వాత చూద్దామండి. మీ హాలు ఎంత ఉంటుంది? కింద టైల్సా?" అన్నాడు. ముందు చెవికి నచ్చిన స్పీకర్లు ఎంచుకోవాలట, వాటిని లాగగలిగే ఆంప్లిఫయరు తర్వాత చూసుకోవాలట. పిల్లని చూడకుండా కట్నం అడిగినట్టుంది నా పని.

మొదటి జత పెట్టాడు. మా ఆవిడ చర్చిలో క్వయర్‌ని నడుపుతుంది. పక్క వరసలో ఎవరి శ్రుతి పోయినా ఇట్టే పట్టేస్తుంది. అందుకని పాట ఆవిడనే అడగమన్నాను. తాళాలు బాగా వినపడే భజన పాట ఒకటి పెట్టమంది. బాగానే ఉంది. ఆ తర్వాత అంతకంటే ఖరీదైన జతకి వైర్లు మార్చి అదే పాట పెట్టాడు. నాకు తేడా ఏమీ తెలియలేదు. ఆవిడ మాత్రం ముందుకి జరిగి కూర్చుంది.

నేను లేచి ఆ బాక్సు దగ్గరికి వెళ్లాను. కింద పెద్ద స్పీకరు, పైన రూపాయి బిళ్లంత చిన్న స్పీకరు. సన్నటి చప్పుళ్లన్నీ ఆ చిన్నదాని వంతని షాపాయన అంతకుముందే చెప్పాడు. దానికి చెవి ఆనించాను. ఏమీ లేదు. మిల్లులో ఏ యంత్రంలో బేరింగు పోయిందో చెయ్యి ఆనించి చెప్పినవాణ్ని, ఆ ధీమాతోనే అన్నాను.

"ఇది చచ్చిపోయిందండీ. చూసుకోలేదా మీరు?"

ఆయన కంగారుగా వచ్చి చెవి పెట్టాడు. "మోగుతోందే!" అన్నాడు.

"ఎక్కడండీ మోగేది? ఇంత ఖరీదు పెట్టి చచ్చినదాన్ని అంటగడతారా?" నా గొంతు పెద్దదైంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత ఆయనకి గుర్తొచ్చే ఉంటుంది. మర్యాదస్తుడు, పైకి అనలేదు.

మా ఆవిడ లేచి వచ్చి తనూ చెవి పెట్టింది. పెట్టగానే ముఖం చిట్లించి చటుక్కున తల వెనక్కి తీసుకుంది. తర్వాత చీర కొంగు సర్దుకుంటూ షాపాయనతో అంది, "అవునండీ. నాకూ వినపడట్లేదు. ఇవొద్దులెండి, ఆ మొదటి జత ఇవ్వండి."

అబద్ధమాడటం ఆవిడకి చేతకాదు. షాపాయన ఆవిడ వంక చూసి, నా వంక చూసి, "వైరు ఏదో లూజై ఉంటుందండి," అన్నాడు. ఆంప్లిఫయరు దగ్గర కూడా ఆవిడదే మాట. ఆయన చూపించిన దానికి నాబులేవీ లేవు, శబ్దం స్వచ్ఛంగా వస్తుందన్నాడు. ఆవిడ లావు చప్పుళ్లకి బాసు, సన్నటి చప్పుళ్లకి ట్రెబులు విడివిడిగా తిప్పుకునేది కావాలని పట్టుబట్టింది. "ఎవరికి కావలసినట్టు వాళ్లు పెట్టుకుంటారు కదండీ," అంది.

తిరుగు బస్సులో మిర్చి యార్డు ఘాటుకి అందరూ దగ్గారు, నేనూ దగ్గాను. ఏడుపు రాలేదు. సిగ్గు కూడా వేయలేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కాదనిపిస్తుందే, మనసు అలా ఉంది. దారిపొడుగునా పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ బత్తాయి ఒలిచి చేతిలో పెడితే తిన్నాను.

ఆదివారం మధ్యాహ్నం సెట్టు బిగించి వెళ్లారు. మా ఆవిడ షాపులో విన్న ఆ పాటే పెట్టింది. పెట్టి, ట్రెబులు నాబుని కుడివైపు చివరిదాకా తిప్పింది. అప్పుడు నాకు తాళాలు వినపడ్డాయి, ఎక్కడో పక్క వీధిలో వేస్తున్నట్టు. ఆవిడ మాత్రం చెవుల్లో గుచ్చుకుంటున్నట్టు కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుంది.

"షాపులో అది మోగింది కదూ?" అని అడిగాను.

"మోగిందండీ."

"నీకెప్పట్నించి తెలుసు?"

 ఆవిడ లేచి నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పింది. "చర్చిలో కీర్తన అయిపోయినా, కీబోర్డు ఆగినా మీకు తెలిసేది కాదు. చివరి మాట మీరొక్కరే పాడుతుండేవాళ్లు. అందరూ తిరిగి చూసేవాళ్లు. అందుకే క్వయర్ వాళ్లకి చెప్పాను, చివరి మాట కాస్త లాగి మీతోపాటే ఆపమని. పోనుపోను అందరికీ అదే అలవాటైపోయింది."

ఆ లాగడం మా సంఘం ఆచారమనుకున్నాను నేను. అద్దంకి దాటి ఏ చర్చికి వెళ్లినా, వీళ్లకి పాడటం రాదు, పాటని తుంచేస్తారని వెక్కిరించేవాణ్ని. అంటే ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం అంతమంది నా కోసం ఆగుతున్నారన్నమాట. 

పాట ఇంకా నడుస్తోంది. లేచి వెళ్లి ట్రెబులు నాబుని మధ్యకి తెచ్చాను. నాకు తాళాలు పూర్తిగా పోయాయి.

"ఇప్పుడెలా ఉంది నీకు?" అని అడిగాను.

"ఇప్పుడు బావుందండీ," అంటూ కుర్చీలో వెనక్కి వాలింది.