బ్రేకు కింద కొబ్బరికాయ

నర్సంపేట దిక్కు మట్టిరోడ్ల మీద జరిగే కార్ల ర్యాలీలో ముగింపు గీత దాటితే మా పాత కారు నాకే ఇస్తనని, లేకపోతే తుక్కుకే అని అన్నడు బాపు. బరువు తగ్గాలని నేనూ నా దోస్తూ వెనక సీటు, మ్యాట్లు పీకేసినం. పూజ చేసిన అమ్మ మాత్రం కొబ్బరికాయ లోపల పెట్టి, గీత దాటినంక కొట్టమన్నది.

కారు ఎగిరెగిరి ఉరుకుతుంటే నాకు పట్టరాని సంబురం. మలుపు కాడ దోస్తు అరిచిండు.

“బ్రేకు కొట్టు బే!”

“కొబ్బరికాయ అడ్డమున్నది రా!”

మ్యాట్లు లేని నేల మీద అది దొర్లుకుంటూ వచ్చి పెడలు కింద కూసున్నది. పత్తిచేన్లకు పోయినం. దారి చూపెడదామని కావచ్చు, బంపరు మాకంటే ముందే పోయింది.

చేను రైతే తిట్టుకుంట ట్రాక్టరుకు తాడు కట్టి గీత దాటించిండు. బాపు కారు చుట్టూ తిరిగిండు.

“దాటింది గదా. ఇగ నీదే.”

ఆ సంతోషంలో కొబ్బరికాయను బానెట్‌కేసి కొట్టిన. ఇంకో సొట్ట పడ్డది. పడనీ, నా కారే గదా.